పోగు రాని గుడ్డ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దోళ్లు చెప్పినారు. వాళ్లకి కార్లు లేవు కాబట్టి ఆ రెండింటితో నిలిపేసినారు. ఉండుంటే ఇంజన్ విప్పి చూడు అని మూడోది కూడా చేర్చుందురు. ఇల్లు కట్టేవాడికి కడాకి ఇల్లన్నా మిగులుతాది. ఇంజన్ కట్టించినోడికి ముందుండిన బండే మళ్లీ మిగులుతాది, అంతే.

నేను గుడియాత్తంలో టాక్సీ తోలతాను. వేలూరు పెద్దాసుపత్రికి పోయే రోగులు, జోలార్పేటలో రైలు ఎక్కేవాళ్లు, ముహూర్తాల కాలంలో ఒడుగత్తూరు తట్టు పెండ్లోళ్లు, ఇదీ నా గిరాకీ. బండి డీజిల్ బండి, నా చేతికి వచ్చేలోపలే చానా చేతులు మారిండాది. ఆ బండిని నేను గిరాకీ కోసమే పెట్టుకోనుండానని చెప్తే అది సగం నిజం. మిగతా సగం మా అక్క.

మా అక్కకి రెండు కిడ్నీలూ పోయినాయి. మంగళవారమూ శుక్రవారమూ వేలూరుకి పిలుచుకోని పోయి, మిషన్ మీద పండబెట్టి, నెత్తురు కడిగించి తీసుకురావాల. ఒక తూరి తప్పితే కాళ్లు వాస్తాయి, అట్లే తప్పుతా పోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి, ఆ పైన మేము చేసేది ఏమీ లేదు అని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. పక్కకి పిలిచినా అక్కకి వినబడేంత దూరంలోనే చెప్పింది. అక్క మొగం పక్కకి తిప్పుకోని గోడ చూస్తా కూర్చోనింది.

మా బావ లుంగీలు నేసేవాడు. ఆయన పోయినాక అక్క మా ఇంటికి వచ్చేసింది, వచ్చేటప్పుడు రాట్నం ఒకటి తెచ్చుకునింది. ఇప్పటికీ వీధిలో మగ్గాలోళ్లకి కండెలకు నూలు చుట్టిస్తాది. వద్దక్కా అంటే వినదు. "చేతులు ఊరికే పెట్టుకుంటే జబ్బు గుర్తొస్తాదిరా" అంటాది. నా భార్య పొద్దున్నే తోలు కంపెనీకి పోతాది, కాబట్టి ఆసుపత్రి పని నాది. విసుగు లేదని చెప్పను. విసుగుండాది. విసుగుంటే మాత్రం ఇంకెవరు పోతారు?

ఆ శుక్రవారం మిషన్ దిగినాక అక్క ఎప్పటి మాదిరే ముందు సీట్లో వెనక్కి వాలి కండ్లు మూసుకోనింది. మిషన్ దిగిన పొద్దు ఆమె పిండి ఆరేసిన గుడ్డ మాదిరి ఉంటాది, మాట్లాడదు. కాట్పాడి దాటి, లత్తేరి దాటి, కే.వి.కుప్పం వస్తా ఉండాము. ఎండ నెత్తిన ఉండాది. కండ్లు తెరవకుండానే ఆమె అనింది.

"రేయ్, లోపల ఏదో కొట్టుకుంటా ఉండాది."

"రోడ్డక్కా అది. నువ్వు పండుకో."

"రోడ్డు సప్పుడు నాకు తెలీదా. మగ్గంలో మేకు వదులైతే ఇట్లే కొడతాది. నువ్వు తొక్కితే ఎక్కువైతా ఉండాది చూడు."

యాక్సిలేటరు మీద కాలు తీస్తే సప్పుడు తగ్గింది. తొక్కితే టక టక టక అని లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు వచ్చింది. ముందర ఎర్ర లైటు, ఆయిల్ లైటు, ఒక తూరి వెలిగి ఆరింది. అదేందో నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసి కూడా పల్లికొండ రోడ్డు మలుపు దాకా పోదామా అని ఆశ పడితి. ఆ ఆశతోనే ఇంకొంచెం దూరం లాగితే ఇంజన్ చిన్నగా మూలిగి నిలిచిపోయింది. మూలిగే నక్క మీద తాటికాయ పడిందంటారే, ఆ నక్కను నేనే.

అక్కను టీ అంగడి బెంచీ మీద కూర్చోబెట్టినా. నీళ్లు ఎక్కువ తాగకూడదు ఆమె, నోరు తడుపుకోని ఊసేసింది. తెలిసిన ట్రాక్టరాయన షెడ్డు దాకా కట్టి లాగుతానంటే బండిని ఆయనకి అప్పజెప్పి, మేమిద్దరం బస్సెక్కి ఇల్లు చేరితిమి. బస్సులో సీటు దొరికింది, ఆ మటుకు దేవుడు మంచోడు.

మెకానిక్ షెడ్డు వేలూరులో, కాట్పాడికి పోయే రోడ్డుకి కొంచెం లోపల. ఆయన్ని అందరూ భాయి అంటారు. చిత్తూరు బండ్లు ఎక్కువ వచ్చే షెడ్డు కాబట్టి ఆయనకి తెలుగు వస్తాది, కానీ తీరిగ్గా అరవంలోనే మాట్లాడతాడు. ఏమడిగినా "పాక్కలాం" అంటాడు. చూద్దాం అని. ఎప్పుడిస్తావు భాయి అంటే పాక్కలాం. బాగవుతాదా అంటే పాక్కలాం. ఆ మాట విని విని నాకు నిద్రలో కూడా ఒళ్లు మండేది.

అయినా సప్పుడు వినేటప్పుడు మాత్రం మనిషి నెమ్మదైపోతాడు. ఇంజన్ని ఒక్క గడియ స్టార్ట్ చేయించి, పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకోని విన్నాడు. వెంటనే ఆపేయమని చెయ్యి ఊపినాడు.

"బేరింగ్ మాదిరి ఉండాదన్నా."

"మాదిరి అంటే?"

"అనుమానమే. విప్పితే తెలుస్తాది."

విప్పితే అనే మాట అనడానికి ఆయనకేమి. స్టాండులో మా డ్రైవర్లయితే తలా ఒక మాట చెప్పినారు. ఇంజన్ని పట్టుకోనుండే రబ్బరు పోయింటాది అని ఒకడు. డీజిల్లో నీళ్లు అని ఇంకొకడు. ఆ బండిని అమ్మేయమని నీకు అప్పుడే చెప్పలేదా అని మూడో వాడు, వాడు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. గట్టున కూర్చోని ఈత నేర్పే రకాలు. నేను వాళ్లందరికీ తల ఊపి, ఇంటికి పోయి మంగళవారం గురించి యోచన చేస్తా పండుకొంటి.

మంగళవారం బస్సులో పోతిమి. పోయేటప్పుడు ఫరవాలేదు. వచ్చేటప్పుడు స్కూళ్లు వదిలిన టయిము, కాలు పెట్టను చోటు లేదు. అక్క చేతికి సూదులు గుచ్చినచోట కట్టు ఉంటాది, ఆ చెయ్యి ఎవరికీ తగలకూడదు. నేను రెండు చేతులూ కడ్డీలకి ఆనించి ఆమె చుట్టూ దడి మాదిరి నిలబడితి. కే.వి.కుప్పంలో బ్రేకు కొట్టినాడు, అక్కకి వాంతి వచ్చేసింది. పక్కన కూర్చోనుండినామె చీర మీద పడింది. ఆమె అరిచింది, ఆమె తప్పు కూడా కాదు. నేను తిరిగి అరిచినా. నా నోరు మంచిది కాదు, గుడియాత్తంలో మా వీధంతా దానికి సాక్షి. అక్క కొంగుతో ఆమె చీర తుడస్తా, "క్షమించమ్మా, మన్నిచ్చిరుమ్మా" అని రెండు బాసల్లోనూ అడుక్కునింది. మా అక్క ఎవరినీ ఏమీ అడుక్కునే మనిషి కాదు. నాకు అక్కడే దిగిపోవాలనిపించింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోని, గోడకి ఆనుకోని చెప్పింది.

"ఇంక నేను రాను నాయనా."

"ఈ శుక్రవారమా?"

"ఏ శుక్రవారమూ. చాలు. మీ బావ పోయినప్పుడు నేను ఏడ్చినాను, నేను పోతే మీరు ఏడుస్తారు, దాంతో తీరిపోతాది. నీ బండి, నీ పని, అన్నీ నాతోనే నిలిచిపోయినాయి."

నేను అరిచినా. నా భార్య అరిచింది. ఆమె మేము అరిచేదంతా విని, రాట్నం దగ్గరికి పోయి కూర్చోనింది. శుక్రవారం నిజంగానే రాలేదు. నేను బస్సు టయిముకి చొక్కా వేసుకోని వాకిట్లో నిలబడితే, లోపల రాట్నం తిరుగుతానే ఉండింది. ఆదివారానికి ఆమె కాళ్లు, వేలితో నొక్కితే గుంట పడి అట్లే నిలిచిపోయేంత వాచినాయి. నాకు భయమేసింది. కోపమని చుట్టుపక్కలోళ్లు అనుకున్నారు గానీ అది ఉత్త భయం.

సోమవారం భాయి ఫోన్ చేసి, ఇంజన్ దించి విప్పినాను, రా అన్నాడు. పోతే నా ఇంజను నేల మీద గోనెపట్టా పైన ముక్కలు ముక్కలుగా ఉండాది. ఇన్నేండ్లు నా కింద పరిగెత్తిందే, ఇదేనా అనిపించింది. పిస్టన్లను తిప్పే లావుపాటి ఇనుపకడ్డీ ఉంటాది, క్రాంక్ అంటారు. అది తిరిగేచోటల్లా చంద్రవంక మాదిరి బేరింగ్ రేకులుంటాయి. రేకుకీ కడ్డీకీ నడాన పల్చగా ఆయిల్ పాకుతా ఉండాల, లేకుంటే ఇనుము ఇనుమును తింటాది. భాయి ఒక రేకు తీసి నా అరిచేతిలో పెట్టినాడు. పైన వెండి మాదిరి ఉండాల్సింది రాగి తేలిపోయింది. క్రాంక్ మీద గోరుతో గీస్తే గోరు తగులుకునేంత గీతలు.

"బేరింగే కదా" అంటి.

"బేరింగే. కానీ అది దానికదే పోలేదు." అని, ఇంజన్ కిందుండే ఆయిల్ తొట్టి చూపించినాడు. ఆ తొట్టిలోనుంచి ఆయిల్ని పైకి పీల్చే గొట్టానికి కొసన ఒక జల్లెడ ఉంటాది. ఆ జల్లెడ నిండా నల్లగా, ముద్దగా ఏదో పట్టుకోనుండాది. "ఇది అడ్డం పడి ఆయిల్ పైకి ఎక్కలేదు. ఏందో నాకు తెలీదు, చూడు." గిన్నెలో డీజిల్ పోసి ఆ ముద్దను పిసికినాడు. నలుపు పోయేకొద్దీ అది విడిపోతా వచ్చింది. పోగులు. కుంకుమరంగు నూలుపోగులు.

నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ నూలు మా ఇంటిది.

మగ్గాలోళ్ల ఇండ్లల్లో చిక్కునూలు అని ఒకటుంటాది. కండెలకి చుట్టేటప్పుడు తెగి చిక్కుపడి పనికిరాకుండా పోయే నూలు. దాన్ని ఎవరూ పారేయరు. గడప పక్కన గంపలో వేస్తారు. కొళాయి కారితే చిక్కునూలు చుట్టేది, తలుపుకి సందుంటే చిక్కునూలు కుక్కేది, చలికాలం చెవిలో చిక్కునూలు, సీసాకి బిరడా పోతే చిక్కునూలు. మా ఇండ్లల్లో పుట్టినోడికి చిక్కునూలుతో మూయలేని బొక్క లోకంలో లేదు. కొన్ని నెలల కింద, ఆయిల్ మార్చినోడు ఇంజన్ పైన ఆయిల్ పోసే బొక్క మూత సరిగా బిగించక, అది పల్లికొండ తట్టు యాడో ఎగిరి పడిపోయింది. నేను వాకిట్లో బానెట్టు ఎత్తి వాడి వంశాన్నంతా తిడతా ఉంటే, అక్క రాట్నం కాడినుంచి లేచి వచ్చింది. గుప్పెడు చిక్కునూలు తెచ్చి, గట్టిగా ఉండ చుట్టి ఆ బొక్కలో దూర్చింది. "దుమ్ము పడదు పోరా" అనింది. అప్పుడు కుంకుమరంగు లుంగీ అంచుల పని నడస్తా ఉండింది. కొత్త మూత దొరికేదాకా బండి ఆ ఉండతోనే తిరిగింది. అది పోగు పోగుగా లోపలికి జారతా ఉండాదని ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.

"ఇంజన్లో నూలు ఎవరన్నా పెడతారా అన్నా?" అన్నాడు భాయి.

"పెడతారు" అంటి. ఆ పోగుల్లో కొన్నిటిని కాగితంలో చుట్టి చొక్కా జోబులో పెట్టుకొంటి. ఇంటికి పోయి ఆమె మొగాన కొట్టి చూపించాలనే పెట్టుకొంటి, నిజం చెప్తా ఉండాను. బస్సులో దోవ పొడుగునా మాటలు కూర్చుకుంటా పోతిని. చూడు నీ పని. నీకు చేతనయ్యేది ఇదొక్కటే. బొక్క కనబడితే నూలు కుక్కేది. ఇంకా చానా ఉన్నాయి, అవి రాయను.

ఇంటికి పోతే ఆమె చాప మీద కాళ్లు దిండుకి ఎత్తిపెట్టుకోని పండుకోనుండాది. మొగం కూడా ఉబ్బిండాది. నన్ను చూసి లేచేదానికి చెయ్యి ఆనించి, ఆ చెయ్యి నిలవక మళ్లీ పండుకునింది.

"ఏమన్నాడురా? నా తిరుగుడుతోనే పోయిందా బండి?"

నా నోటి నిండా మాటలుండాయి. ఇది ఆమె వల్లే అని ఆ నిమిషం చెప్తే, ఆమె ఇంక జన్మలో ఆసుపత్రికి రాదు. అది మాత్రం నాకు తెలిసింది.

"బేరింగ్ అరిగిపోయింది. పాత బండి కదక్కా, దాని వయసు అది" అని చెప్పి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, దొడ్లోకి పోయి మొగం కడుక్కొంటి. అప్పుడు ఎంత అలుపొచ్చిందంటే, తొట్టి పక్కన రాతి మీద కూర్చోని మళ్లీ లేయబుద్ధి కాలేదు.

మర్నాడు మంగళవారం. నేను లేచేసరికి అక్క తల దువ్వుకోని, చీర మార్చుకోని, సంచిలో ఆసుపత్రి కాగితాలు పెట్టుకోని గడప మీద కూర్చోనుండాది.

"బస్సుకి టయిమైతా ఉండాది, లెయ్యి" అనింది.

నా అరుపులు ఇన్నాళ్లకి పనిచేసినాయి అనుకొంటి. లోపల కొంచెం గర్వం కూడా పడితి. కాగితంలో చుట్టిన పోగులు గుర్తొచ్చి, మేకుకుండే నిన్నటి చొక్కా జోబులో చెయ్యి పెడితే లేవు. బస్సులో యాడో పడిపోయింటాయి, పీడ పోయింది అనుకొంటి.

ఆ పైన బండి పని ఎంత సాగిందో చెప్తే చదివేవాళ్లకి కూడా నీరసమొస్తాది. క్రాంక్‌ని అరగదీయను లేత్ పట్టరకి, ఇనుము చెక్కే షెడ్డుకి, పంపించినారు. అక్కడ కరెంటు లేదు, కరెంటు వస్తే లేతాయన లేడు, ఆయన ఇంట్లో సావు. అరగదీసిన క్రాంక్‌కి తగినట్టు కొంచెం మందం బేరింగులు కావాల, చెన్నై నుంచి వచ్చినవి వేరే బండివి. తిప్పి పంపితిమి. జల్లెడ కొత్తది, ఆయిల్ పంపు కొత్తది. ఇంజన్లో ఆయిల్ పారే దోవలన్నీ భాయి గాలి కొట్టి, కడిగి, మళ్లీ గాలి కొట్టినాడు. ఒక్క పోగు మిగిలినా మొదటికొస్తామన్నా అన్నాడు. డబ్బు సంగతి అడగొద్దు. అక్కను మిషన్ మీద పండబెట్టి, ఆ గంటల్లో నేను షెడ్డుకి పోయేది, భాయి పాక్కలాం అనేది, మళ్లీ ఆసుపత్రికి వచ్చేది. ఎండలో ఆ రోడ్డు మీద నడిచి నడిచి, నేను బండి కోసం తిరుగుతా ఉండానా, అక్క కోసం తిరుగుతా ఉండానా అనేది కూడా మరిచిపోతిని.

అక్క మాత్రం ఒక్క తూరి కూడా రానని అనలేదు. బస్సులో వాంతి వస్తాదని కవరు ఒకటి తనే తెచ్చుకునేది. మిషన్ ఖాళీ అయ్యేదాకా వరండాలో కూర్చోవాల, అక్కడ ఏదో తెల్లగుడ్డ అంచులు మడిచి కుట్టుకుంటా ఉండేది. తలగడ గలేబేమో అనుకొంటి. అడగలేదు. అడిగే ఓపిక యాడిది.

కడాకి ఒక పొద్దు భాయి తాళం తిప్పినాడు. ముందు రెండు తూర్లు దగ్గింది, మూడో తూరి పట్టుకునింది. ఆయిల్ లైటు వెలిగి ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. భాయి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోని చానాసేపు విన్నాడు, తల ఊపినాడు. "కొన్నాళ్లు మెల్లిగా తోలు. తొందర పెట్టొద్దు. కొత్త కోడల్ని చూసుకున్నట్టు చూసుకో" అన్నాడు. మా ఇండ్లల్లో కొత్త కోడల్ని ఎట్ల చూసుకుంటారో ఆయనకి తెలీదు పాపం.

మంగళవారం పొద్దున బండి వాకిట్లో నిలబెట్టి బానెట్టు ఎత్తినా. ఆయిల్ ఎంతుండాదో చూసే కడ్డీ పీకి, తుడిచేదానికి అలవాటు చొప్పున గడప పక్కకి చెయ్యి చాపినా. చేతికి గంప తగల్లేదు. నేను పుట్టినప్పటినుంచి ఏ ఇంట్లో ఉన్నా గడప పక్కన ఉండే చిక్కునూలు గంప, లేదు.

"దాని కోసం వెతకొద్దు, ఎత్తేసినాను" అనింది అక్క వెనకనుంచి. "ఇది పెట్టుకో. దీంట్లో పోగు రాదు."

వరండాలో కుట్టుకుంటా ఉండిన తెల్లగుడ్డ. మా బావ పంచె, ఉతికి ఉతికి మెత్తబడింది. నాలుగు పక్కలా అంచు రెండు మడతలు మడిచి, సన్నంగా, సందు లేకుండా కుట్టిండాది. లాగి చూసినా. ఒక్క పోగు కూడా రాలేదు.

గుడ్డ చేతిలో పట్టుకోనే ఆమె తట్టు తిరిగితి.

"నీకెట్ల తెలుసు?"

"నీ చొక్కాలు ఉతికే ముందు జోబులు చూసేది ఎవరురా? నల్లగా ఉంటే మాత్రం, నేను చుట్టిన నూలు నా వేళ్లకి తెలీదా."

"తెలిస్తే ఆ పొద్దే అడిగుండచ్చు కదా."

"నువ్వు ఆ పొద్దే తిట్టుండచ్చు కదా."

ఆమె కారు తలుపు పట్టుకోని నిలబడి, ఊపిరి పీల్చుకోని అనింది.

"కూరలో ఉప్పు తక్కువైతే నీ నోరు వీధి చివరికి వినబడతాది. అట్లాంటోడివి, నీ బండినే నేను చంపేస్తే ఒక్క మాట అనలేదు. దాని వయసు అది అన్నావు. ఆ మాట విన్నాక నేను రానని ఎట్ల చెప్పేదిరా నాయనా."

నాకు ఏడుపొచ్చింది, దాచుకునేదేముండాది. బానెట్టు ఎత్తే ఉండింది కాబట్టి దాని చాటున తల పెట్టి, ఆ గుడ్డతో కడ్డీని అవసరానికి మించి తుడిచినా. నూనె సరిగ్గా ఉండాల్సిన గీత దాకా ఉండాది. బానెట్టు మూసేసరికి అక్క ముందు సీట్లో ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాది.

"పా ఇంక. లేటైతే మిషన్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు" అనింది.